ఫుల్ లోడ్‌లో పాస్, ఖాళీగా ఉంటే రీస్టార్ట్: 5600ఎక్స్ ఓవర్‌క్లాకింగ్‌తో నా అనుభవం

ప్రాసెసర్‌కి స్కోరు ఇచ్చే సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ అరగంట సేపు ఆపకుండా తిప్పినా చెక్కుచెదరని పీసీ, ఎవరూ ముట్టుకోకుండా డెస్క్‌టాప్ మీద ఊరికే వదిలేస్తే దానంతటదే రీస్టార్ట్ అయిపోయేది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు, స్క్రీన్ నల్లబడి మళ్లీ బోర్డు లోగో కనబడుతుంది, అంతే. ఇక్కడికి వచ్చాక చాలామంది ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేస్తారు, లేదంటే ఈ ఓవర్‌క్లాకింగే (ప్రాసెసర్‌ని దాని మామూలు స్పీడ్ కంటే ఎక్కువగా నడపడం) వద్దు బాబూ అని అన్నీ డీఫాల్ట్‌లో పెట్టేసుకుంటారు. నాకు దీని మూలం దొరికింది. దాన్ని వెతుకుతూ వెళ్లిన దారిలో స్కోరు అనే అంకెను ఎలా చదవాలో కూడా తెలిసొచ్చింది, అందుకే మొదటి నుంచీ వివరంగా రాస్తున్నాను.

నా పీసీలో ఉన్నది ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్. బీ550 మదర్‌బోర్డు, 3600 రేటింగ్ ఉన్న 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 2020 నవంబరులో వచ్చిన ప్రాసెసర్ ఇది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 4.6 గిగాహెర్ట్జ్ వరకు బూస్ట్. ఇది కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడింది నిజమే కానీ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇవే నడుస్తున్నాయి, పైగా ఇందులో నేర్చుకున్నది కొత్త తరం రైజెన్‌లకూ చాలావరకు పనికొస్తుంది.

అసలు ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్లిందే స్కోరు తక్కువ వస్తోందని. ఈ ప్రాసెసర్‌కి సినీబెంచ్ ఆర్23 మల్టీకోర్‌లో ఏ మార్పూ చేయకుండానే 11,000 అటూ ఇటూగా రావాలి, నాకు 10,300 దాటడం లేదు. ఏడెనిమిది వందల తేడా అంటే ఆరేడు శాతం, దాన్ని ఏదో పొరపాటు లెక్కలే అని వదిలేయలేం. సినీబెంచ్‌ని ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఒక శాతం లోపు తేడాతో నమ్మొచ్చు, అది కూడా పీసీ రీస్టార్ట్ చేసి, నాలుగైదు నిమిషాలు ఆగి, వెనకాల నడిచే బ్రౌజర్, గేమ్ లాంచర్లు, లైట్ల సాఫ్ట్‌వేర్ అన్నీ మూసేసిన తర్వాత. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉంచి తీసిన స్కోరునీ, అన్నీ మూసి తీసిన స్కోరునీ పోల్చుకుని "తగ్గింది, పెరిగింది" అనుకుంటే ఎంత తిరిగినా గమ్యం దొరకదు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక మార్పు, మూడు రన్లు, సగటు, గరిష్ఠ టెంపరేచర్, గదిలో ఎంత వేడి ఉంది. ఈ చివరి గడే నాకు మొదటి జవాబు ఇచ్చింది.

ఎందుకంటే ఇదంతా మొదలుపెట్టింది మే నెలలో, హైదరాబాద్‌లో, పై అంతస్తు గదిలో. సాయంత్రం నాలుగు గంటలకు గదిలోనే 36 డిగ్రీలు. రన్ మొదలైన రెండు నిమిషాలకే ప్రాసెసర్ 90 దాటిపోతోంది. దీని పరిమితి 95 డిగ్రీలు, కానీ అది తగిలేదాకా ఫుల్ స్పీడ్‌తో వెళ్లి అక్కడ బ్రేకు వేస్తుందని చాలామంది అనుకుంటారు. రైజెన్ అలా ఉండదు, వేడి పెరుగుతున్న కొద్దీ 25 మెగాహెర్ట్జ్ చొప్పున ముందు నుంచే తగ్గించుకుంటూ వస్తుంది. అదే రన్ అర్ధరాత్రి దాటాక చేస్తే 10,650 వచ్చింది. పక్క గదిలోకి మార్చి ఏసీ 26లో పెట్టి చేస్తే 10,800. ప్రాసెసర్ అదే, సెట్టింగ్స్ అవే. అంటే దాంతో పాటు వచ్చిన చిన్న కూలర్ మన ఎండలకు సరిపోవడం లేదని తేలిపోయింది. చల్లటి దేశాల్లో ఎవరో తీసిన స్కోరుతో మన మధ్యాహ్నపు స్కోరును పోల్చుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటి చూసుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

కూలర్ తీయడం గురించి ఒక మాట. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్‌లో గట్టిగా పట్టి ఉంచే మూత ఉండదు. థర్మల్ పేస్ట్ ఎండి గట్టిపడి ఉంటే, కూలర్‌ని నిటారుగా పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగితే అంతే సంగతులు. అందుకే తీసే ముందు పది నిమిషాలు సినీబెంచ్ తిప్పి పేస్ట్‌ని వేడెక్కనిచ్చాను, పీసీ ఆపి, ప్లగ్ తీసి, నాలుగు స్క్రూలూ మూల నుంచి మూలకు కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్‌ని పట్టుకుని ఇటు కాస్త అటు కాస్త తిప్పాను. జారినట్టుగా ఒక చిన్న కదలిక చేతికి తెలుస్తుంది, ఆ తర్వాతే పైకెత్తాలి. కింద పేస్ట్ అంచుల దగ్గర బూడిద రంగులో పొడిపొడిగా రాలుతోంది, ఫిన్నుల మధ్య దుమ్ము పొరలాగా పేరుకుని ఉంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ కూలర్ బిగించాక, అదే 36 డిగ్రీల గదిలో, ప్రాసెసర్ 74 దగ్గర ఆగింది. స్కోరు 11,050. ఇంకా ఓవర్‌క్లాక్ అన్న మాటే లేదు, పోయిన స్కోరు తిరిగి వచ్చింది అంతే.

కానీ గేమ్స్ మాత్రం అలాగే ఉన్నాయి. మా తమ్ముడు వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతాడు, వాడి ఫిర్యాదు మొదటి నుంచీ ఒక్కటే: "అన్నయ్యా, ఎఫ్‌పీఎస్ బాగానే చూపిస్తోంది, ఫైట్ మొదలవగానే ఇరుక్కుంటోంది." (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెర మీద పడే ఫ్రేములు.) కూలర్ మార్చాక కూడా అదే మాట. సినీబెంచ్ స్కోరు సరిగ్గా ఉండి గేమ్ సరిగ్గా లేకపోతే నేరుగా ర్యామ్ వైపు చూడాలి, ఎందుకంటే ఆర్23 చేసే పని దాదాపు అంతా ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, అంటే క్యాష్‌లోనే సరిపోతుంది, ర్యామ్ ఎంత నెమ్మదిగా ఉన్నా దాని స్కోరులో పెద్దగా తెలియదు. గేములు అలా కాదు, అవి ప్రతి క్షణం ర్యామ్ కోసం ఎదురుచూస్తుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ స్పీడ్ 2133 అని ఉంది. 3600 స్టిక్కులు కొన్నా బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్ తెర) ఎక్స్‌ఎంపీ అనే ఆప్షన్ ఆన్ చేయకపోతే అవి మామూలు స్పీడ్‌లోనే నడుస్తాయి, ఆ ఒక్క స్విచ్ ఎవరూ వేయలేదు. అంతకంటే విచిత్రం, పీసీ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో చూస్తే సింగిల్ చానల్ అని ఉంది, అంటే రెండు స్టిక్కులూ ఒకే దారిలో నడుస్తున్నాయి. షాపులో బిగించినప్పుడు రెండు స్టిక్కులూ పక్కపక్క స్లాట్లలో పెట్టేశారు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో ఉండాలి. కేబినెట్ పక్క మూత తీసి ఒక స్టిక్కు మార్చి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేశాను. ఉదయానికి ఒక్క ఎర్రర్ లేదు. సినీబెంచ్ పదో ఇరవయ్యో మాత్రమే పెరిగింది, వాలరెంట్‌లో మాత్రం సగటు 240 దగ్గర నుంచి 310 దాకా వెళ్లింది, ఫైట్‌లో పడిపోయే కనిష్ఠ ఎఫ్‌పీఎస్ అయితే అంతకంటే ఎక్కువ బాగుపడింది. తర్వాత నేను చేసిన ఓవర్‌క్లాకింగ్ మొత్తం కలిపినా ఇందులో పావు వంతు లాభం కూడా గేమ్‌లో ఇవ్వలేదు, ఇది ముందే చెప్పేస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఓవర్‌క్లాకింగ్ అంటే ఒకప్పుడు మదర్‌బోర్డ్‌లో బస్ స్పీడ్ పెంచడం. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏని 66 మెగాహెర్ట్జ్ బస్ మీది నుంచి 100కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, యాభై శాతం! ఇప్పటి ప్రాసెసర్లు అలాంటి మిగులు వదలడం లేదు, అవి వేడిని, కరెంటును, వోల్టేజ్‌ను క్షణక్షణం చూసుకుంటూ వాటంతటవే పైకి ఎక్కుతుంటాయి. మనం చేయగలిగేది వాటి హద్దులు జరపడం, ఒకే స్పీడ్‌కి కాస్త తక్కువ వోల్టేజ్ ఇవ్వడం. ఈ ప్రాసెసర్‌కి మామూలుగా 76 వాట్ల హద్దు ఉంటుంది. బయోస్‌లో పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఆ హద్దు పెంచుకోవచ్చు, బూస్ట్‌కి 200 మెగాహెర్ట్జ్ దాకా కలుపుకోవచ్చు. దీనివల్ల ప్రాసెసర్‌కి ఏదైనా అయితే వారంటీ వర్తించదని ఏఎండీ స్పష్టంగానే చెబుతుంది, అది ఒప్పుకునే ముందుకు వెళ్లాలి.

పీబీఓకి ముందు ఒక ప్రయోగం చేశాను, దాని గురించి కొంచెం ఎక్కువే రాయాలి. వోల్టేజ్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది కదా అని బయోస్‌లో కోర్ వోల్టేజ్‌కి మైనస్ 100 మిల్లీవోల్ట్ ఆఫ్‌సెట్ ఇచ్చాను. పీసీ శుభ్రంగా బూట్ అయింది. రన్ మొదలుపెడితే టెంపరేచర్ ఏడెనిమిది డిగ్రీలు తక్కువ, సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో కోర్ క్లాక్ (స్పీడ్) మునుపటి కంటే 50 మెగాహెర్ట్జ్ ఎక్కువే. చూడటానికి అన్నీ బాగున్నాయి. స్కోరు చూస్తే 10,480. క్లాక్ పెరిగి స్కోరు తగ్గడం ఏమిటి? మళ్లీ చేశాను, అదే. అప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఇంకా కిందికి వెళ్లి ఎఫెక్టివ్ క్లాక్, అంటే నిజంగా నడిచిన స్పీడ్ అనే వరుస చూశాను. పైన 4,600 అని ఉంటే ఇక్కడ 4,350 ఉంది. వోల్టేజ్ చాలడం లేదని ప్రాసెసర్ లోపలి సర్క్యూట్ గమనించినప్పుడు, క్రాష్ కాకుండా ఉండటానికి గడియారపు ఒక్కో టిక్కును కాస్త సాగదీస్తుంది, దీన్నే క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. స్పీడోమీటర్ ముల్లు 80 మీద ఉన్నా బండి 75తో పోతున్నట్టు అన్నమాట. అప్పటి నుంచి నేను మామూలు క్లాక్ అంకెను నమ్మడం మానేశాను. ఫుల్ లోడ్‌లో ఎఫెక్టివ్ క్లాక్‌కీ దానికీ మధ్య తేడా పది ఇరవై మెగాహెర్ట్జ్ దాటితే ఆ సెట్టింగ్ పనికిరాదు, టెంపరేచర్ ఎంత ముద్దుగా ఉన్నా సరే.

సరే, ఆఫ్‌సెట్ తీసేసి సరైన దారిలోకి వచ్చాను. పవర్ హద్దు 110 వాట్లు, బూస్ట్ ప్లస్ 200: స్కోరు 11,450, టెంపరేచర్ 86. ఆ పైన కర్వ్ ఆప్టిమైజర్. ఒక్కో స్పీడ్‌కి ఎంత వోల్టేజ్ అడగాలో ప్రాసెసర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, ఆ పట్టికను మొత్తంగా కిందికి జరపడమే ఇది. మైనస్ 30 దాకా వెళ్లొచ్చు, ఒక్కో అంకె మూడు నుంచి ఐదు మిల్లీవోల్ట్‌ల కిందకు వస్తుంది. అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టి చూశాను. 12,060! టెంపరేచర్ 82కి తగ్గింది, ఎఫెక్టివ్ క్లాక్ కూడా సరిగ్గానే ఉంది. అరగంట లూప్ పాస్. గ్రాఫిక్స్ పరీక్ష 3డీమార్క్ పాస్. ఆ రాత్రి ఆ అంకెను చూసుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

మర్నాడు ఆఫీసులో ఉండగా తమ్ముడి ఫోన్. "అన్నయ్యా, పీసీ ఆగిపోయి మళ్లీ వచ్చింది."

"గేమ్‌లోనా?"

"కాదు, గేమ్ అయిపోయింది. యూట్యూబ్‌లో పాట పెట్టుకుని అన్నం తింటున్నా. మౌస్ కూడా ముట్టుకోలేదు."

వాడు చెప్పిన ఆ ఆఖరి ముక్కే అసలు ఆధారమని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది. మధ్యలో అందరికీ వచ్చే అనుమానాలన్నీ వచ్చాయి. ఇంటి కరెంటు అనుకుని యూపీఎస్ మీద పెట్టి చూశాను, మార్పు లేదు. లోడ్ మరీ తక్కువ ఉన్నప్పుడు కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు తడబడతాయని బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని టిపికల్ కరెంట్‌కి మార్చాను, మార్పు లేదు. తెలిసిన టెక్నీషియన్ ఒకాయన వచ్చి పది నిమిషాలు చూసి, "అన్నా, బోర్డు పోయింది, మార్చేద్దాం" అన్నాడు. ఆయన ఎదురుగానే సినీబెంచ్ పెట్టాను, పది నిమిషాలు హాయిగా నడిచింది. బోర్డే పోతే ఇంత లోడ్ ఎలా మోస్తుందని అడిగితే జవాబు లేదు. అక్కడే నాకు పట్టుదల వచ్చింది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే ప్రతి రీస్టార్ట్ దగ్గరా ఎర్రగా కెర్నెల్-పవర్ 41 కనబడుతుంది. అందరూ దీన్ని చూసే ఎస్‌ఎంపీఎస్ మీద పడతారు, పేరులో పవర్ అని ఉంది కాబట్టి. నిజానికి అది చెప్పేది ఒక్కటే, విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. కారణం అందులో ఉండదు. దాని పక్కనే, బూట్ అయిన కొద్ది సెకన్లకే పడిన ఇంకో ఎంట్రీ ఉంది: డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (విండోస్ హార్డ్‌వేర్ తప్పులను రాసుకునే పేరు), ఈవెంట్ ఐడీ 18. తెరిస్తే ఫేటల్ హార్డ్‌వేర్ ఎర్రర్, ప్రాసెసర్ కోర్, క్యాష్ హైరార్కీ ఎర్రర్, చివర్లో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ 4, అంటే తప్పు జరిగిన థ్రెడ్ నంబరు. వెనక్కి వెళ్లి పాత రీస్టార్ట్‌లు అన్నీ చూశాను. 4, 5, 4, ఒకచోట 8, మళ్లీ 5. ఒక్కో కోర్‌కి రెండేసి థ్రెడ్లు కాబట్టి 0, 1 మొదటి కోర్ కిందకు వస్తాయి, అలా లెక్కేస్తే 4, 5 రెండూ కోర్ 2వి, 8 కోర్ 4ది. పీసీ మొత్తం ఏమీ కాలేదు, ఒకటి రెండు కోర్లు మాత్రమే వోల్టేజ్ చాలక పడిపోతున్నాయి.

ఆ కోర్లే ఎందుకు? హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ పేర్ల పక్కన పెర్ఫ్ అని ఒక ర్యాంకు ఉంటుంది. కోర్ 2 పక్కన ఒకటో ర్యాంకు, కోర్ 4 పక్కన రెండు. అంటే ఈ చిప్‌లో అన్నిటికంటే మంచి కోర్లు అవే! చిన్న పని ఏది వచ్చినా విండోస్ మొదట వాటికే ఇస్తుంది, అవి వెంటనే 4,850 దాకా దూకుతాయి. సినీబెంచ్ మల్టీకోర్ నడుస్తున్నప్పుడు ఆరు కోర్లూ కలిసి పవర్ పంచుకోవాలి కాబట్టి ఒక్కోటీ ఆ పై అంచుకు చేరకుండా కిందే ఉండిపోతుంది, అక్కడ మైనస్ 30 పెద్ద భారం కాదు. ఖాళీగా ఉన్న పీసీలో పాట నడుస్తూ మధ్యలో ఏదో నోటిఫికేషన్ వస్తే, నిద్రలో ఉన్న కోర్ ఒక్కసారిగా లేచి అత్యధిక స్పీడ్‌కి వెళ్తుంది, అక్కడే వోల్టేజ్ మిగులు అతి తక్కువ. పైగా మంచి కోర్లకు ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజ్ పట్టిక ఇచ్చి ఉంటారు, దాంట్లోంచి ఇంకా 100 మిల్లీవోల్ట్‌లు లాగేస్తే నిలబడటానికి ఏమీ మిగలదు. భారీ లోడ్‌లో పాసై ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడానికి కారణం ఇదే. ఇది అర్థమయ్యాక సినీబెంచ్ మల్టీకోర్‌ని నిలకడకు పరీక్షగా వాడటం పూర్తిగా మానేశాను, అది స్కోరు చూసుకోవడానికే.

నిలకడ చూడటానికి ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షించాలి. దీనికి ప్రైమ్95ని ఒకే థ్రెడ్‌తో, ఒక కోర్‌కి కట్టేసి నడపాలి, కొన్ని నిమిషాలకోసారి కోర్ మార్చాలి. చేత్తో చేయనక్కర్లేదు, ఇలా కోర్లు మారుస్తూ తిప్పే చిన్న స్క్రిప్ట్‌లు ఉచితంగానే దొరుకుతాయి. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిన ప్రోగ్రామ్ కాబట్టి లెక్కలో ఎక్కడ చిన్న తేడా వచ్చినా అదే పట్టేసుకుంటుంది. ఇందులో ఏవీఎక్స్ అనే భారీ లెక్కల పద్ధతి ఆపేసి, తేలికైన ఎస్‌ఎస్‌ఈలో పెట్టడం ముఖ్యం. ఏవీఎక్స్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో స్పీడ్ తగ్గిపోతుంది, మనకు కావాల్సిన ఆ పై అంచు తగలదు. ఎస్‌ఎస్‌ఈలో కోర్ నిజంగా 4,850కి వెళ్తుంది. కోర్ 2 మీద పెట్టిన నిమిషంలోపే వచ్చేసింది: ఫేటల్ ఎర్రర్, రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అని. పీసీ పడిపోలేదు, లెక్క మాత్రం తప్పింది. ఇలా పడిపోకుండా తప్పులు చేసే స్థితి చూస్తే నాకు రీస్టార్ట్ కంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఇదే పీసీలో ఇంటి ఫొటోలు, నా ఆఫీసు ఫైళ్లు ఉన్నాయి, తప్పు లెక్క ఏ ఫైల్లోకి పోయి కూర్చుంటుందో మనకు తెలియదు.

ఆ తర్వాతది ఓపిక పని. రాత్రి స్క్రిప్ట్ పెట్టి పడుకోవడం, ఉదయం లేచి ఏ కోర్ పడిందో చూసి దానికి కొన్ని అంకెలు వెనక్కి తీసుకోవడం, మళ్లీ రాత్రి. కోర్ 2 మైనస్ 8 దగ్గర కుదురుకుంది. కోర్ 4 మైనస్ 12. మిగతావి మైనస్ 22 నుంచి మైనస్ 28 మధ్య, కోర్ 5 ఒక్కటే నిజంగా మైనస్ 30 తట్టుకుంది. బూస్ట్‌ని ప్లస్ 200 నుంచి 150కి తగ్గించాను, ఆ 50 మెగాహెర్ట్జ్ కోసం మంచి కోర్లకు చాలా వోల్టేజ్ ఖర్చవుతోంది, స్కోరులో కనబడేది నామమాత్రం. ప్రైమ్95 రాత్రంతా పాసైన తర్వాత కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి రీస్టార్ట్ అయింది, లాగ్‌లో మళ్లీ ఏపీఐసీ 4. కోర్ 2ని ఇంకో రెండు అంకెలు వెనక్కి, మైనస్ 6కి తెచ్చాను. నిద్రలోంచి లేవడం అనే పరీక్ష ప్రైమ్95లో ఉండదు మరి, అది రోజువారీ వాడకంలోనే తేలాలి. ఆ తర్వాత ఐడీ 18 మళ్లీ కనబడలేదు. స్కోరు మల్టీకోర్‌లో 11,830, సింగిల్ కోర్‌లో 1,585. మొదట్లో సింగిల్ 1,500 పైచిలుకు ఉండేది.

ర్యామ్‌ని ఇంకా పైకి తీసుకెళ్లడం కూడా చూశాను. ఈ తరం రైజెన్‌లో ర్యామ్ అసలు క్లాక్, దాన్ని ప్రాసెసర్‌తో కలిపే ఫ్యాబ్రిక్ క్లాక్ సమానంగా ఉండాలి, అది రాసిన స్పీడ్‌లో సగం, 3600కి 1800. 3800, 1900 పెడితే బూట్ అయింది, గేమ్స్ నడిచాయి, ఏ క్రాషూ లేదు. కానీ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే డబ్ల్యూహెచ్‌ఈఏ ఐడీ 19లు వరుసగా పడుతున్నాయి, బస్ ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్ అని. 18 లాంటిది కాదు ఇది, హార్డ్‌వేర్ తనంతట తాను సరిదిద్దుకున్న తప్పు. సరిదిద్దుకోవడానికి సమయం పడుతుంది కదా, గేమ్‌లో కనిష్ఠ ఎఫ్‌పీఎస్ 3600 కంటే తక్కువ వచ్చింది. ఇంకో అడుగు వేసి 4000 పెడితే స్క్రీనే రాలేదు, బోర్డు మీద డీర్యామ్ లైటు పసుపు రంగులో వెలిగి అలాగే ఉండిపోయింది. ఇలాంటప్పుడు కంగారు పడాల్సిన పని లేదు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు దింపేసి, బోర్డు కింది అంచున క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ మొన పది సెకన్లు ఆనించాలి. మళ్లీ ఆన్ చేస్తే డీఫాల్ట్‌లో లేస్తుంది. అక్కడితో 3600కే వచ్చి స్థిరపడ్డాను.

గేమ్స్ సంగతి ఏమైంది అంటే, వాలరెంట్‌లో 310 కాస్తా 322 అయింది. సైబర్‌పంక్ 2077ని 1440పీలో పెడితే ముందూ 62, తర్వాతా 62, అక్కడ భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. స్కోరు కోసం చేసిన పనిగా ఇది నాకు తృప్తినిచ్చింది, ఎఫ్‌పీఎస్ కోసమే అయితే ర్యామ్ సరిచేసుకుని ఆగిపోవచ్చు.

ఇప్పుడు బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు ఉన్నాయి. చలికాలానికీ రాత్రిళ్లకూ పైన చెప్పినది. ఎండాకాలం పగటికి ఇంకోటి: కర్వ్ ఆప్టిమైజర్ అంకెలన్నీ అవే, పవర్ హద్దు మాత్రం మళ్లీ 76 వాట్లు. ఇందులో స్కోరు 11,400 దగ్గర వస్తుంది, అంటే అసలు స్కోరు కంటే మూడు శాతం ఎక్కువే, 36 డిగ్రీల గదిలో కూడా ప్రాసెసర్ 72 దాటదు, ఫ్యాన్ మోత కూడా తక్కువ. తమ్ముడు ఏడాది పొడవునా ఇదే వాడుతున్నాడు. బయోస్ అప్‌డేట్ చేస్తే చాలా బోర్డుల్లో సేవ్ చేసిన ప్రొఫైళ్లు చెరిగిపోతాయి, కాబట్టి ఆరు కోర్ల అంకెలూ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టాను. నా అంకెలు చూసి మీ పీసీలో అలాగే పెట్టకండి. ఒకే మోడల్ చిప్ రెండు కొన్నా వాటిలో మంచి కోర్లు వేరుగా ఉంటాయి, ముందు మీ ఈవెంట్ వ్యూయర్‌లో ఏపీఐసీ ఐడీ ఏం చెబుతోందో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి.